ఊదుడు లాయరు గారి నంబరు నాలుగు

మా లాయరు గారు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చుక్క ముట్టలేదు. బండి నడపడం అసలే రాదు. సైకిలు కూడా రాదు. రోజూ బస్సులో వచ్చి, కోర్టు గేటు ముందు దిగి, ఎండైనా వానైనా చంకలో గొడుగుతో మెట్లెక్కుతారు. ఈ సంగతులు ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆయన చేసే పనేమిటో చెప్పాక చెబితే మీరు నమ్మరు. తాగి బండి నడిపి పోలీసులకు దొరికిన వాళ్ళందరికీ ఈ చుట్టుపక్కల ఆయనే దిక్కు. గొట్టం నోట్లో పెట్టి ఊదమంటారు కదా, ఆ ఊదిన కేసులన్నీ ఆయనవే. అందుకని కోర్టులో అందరూ ఆయన్ని ఊదుడు లాయరు అంటారు. ఆయనకు ఆ పేరంటే కోపమేమీ లేదు. బోర్డు మీద రాయించేద్దామా అని ఒకసారి నన్నే అడిగారు.

నేను ఆయన టైపిస్టుని. పదహారేళ్ళ నుంచి ఆ జిరాక్సు షాపు మీది రెండు గదుల్లోనే నా బతుకు. ముందు గదిలో నేను, నా కంప్యూటరు, గోడ పొడుగునా ఒక బెంచీ. లోపలి గదిలో ఆయన, ఆయన గొడుగు, మూడు సొరుగుల బల్ల. బెంచీ మీద కూర్చునే వాళ్ళ వాలకం చూడాలి. కళ్ళు వాచి, జుట్టు తడిపి దువ్వుకుని, నోట్లో ఏదో చప్పరిస్తూ, బడి ఎగ్గొట్టి దొరికిన పిల్లల్లా కూర్చుంటారు. అందరూ పెద్దమనుషులే. అందరూ ఆ ఒక్క రోజే, ఆ ఒక్క గుటకే, అదీ స్నేహితుడు బలవంతపెడితేనే.

ఆయన మొదట్లో పొలాల కేసులు చూసేవారట. ఆ కేసులు తేలేలోపు కక్షిదారులు పోయేవారు, వాళ్ళ కొడుకులు వచ్చేవారు. విసుగెత్తిపోయి ఉన్న రోజుల్లో ఆయన సీనియరు లాయరే ఒక సాయంత్రం పూటుగా పట్టించి, కారు తీసుకొచ్చి సరాసరి కోర్టు గేటుకే గుద్దాడు. వాదించడానికి ఎవరూ ముందుకు రాలేదు. మా లాయరు గారు వెళ్ళి, గేటు ఉండాల్సిన చోటు కంటే మూడడుగులు రోడ్డు మీదికి ఉందనీ, కాబట్టి గేటే వచ్చి కారుకు అడ్డం పడిందనీ నిరూపించి వచ్చారు. గేటుకే శిక్ష వేస్తారేమోనని జనం భయపడ్డారట. ఆ రోజుతో ఆయన దశ తిరిగింది.

ఆయన ఆఫీసులో ఒకే ఒక్క నియమం ఉంది. తాగావా అని ఆయన ఎవరినీ అడగరు. వాళ్ళంతట వాళ్ళు చెప్పబోయినా చెయ్యెత్తి ఆపేస్తారు.

"చెప్పకు నాయనా, చెప్పకు. నువ్వు చెప్తే నాకు తెలుస్తుంది. తెలిస్తే రేపు కోర్టులో నా గొంతు వణుకుతుంది. అప్పుడు నీకూ నష్టం, నాకూ నష్టం."

అలా పదహారేళ్ళుగా ఆయన ఏమీ తెలుసుకోకుండా, గొంతు వణకకుండా నెట్టుకొచ్చారు. ఎంత శ్రమపడితే వస్తుంది ఆ అజ్ఞానం!

అడగకపోతే మరి కోర్టుకిచ్చే జవాబు ఎలా తయారవుతుంది? దానికే నంబర్లున్నాయి. నా కంప్యూటర్లో పన్నెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పేరు, బండి నంబరు, తేదీ మార్చడమే నా పని. ఒకటో నంబరులో మనిషి బండి నడపనే లేదు, ఆగి ఉన్న బండిలో పోయిన సెల్‌ఫోను వెతుక్కుంటున్నాడు. మూడో నంబరు వాడికి కడుపులో పులుపెక్కి తేన్పులు వస్తాయి, ఆ తేన్పే గొట్టంలో పడింది. ఏడో నంబరుకు కుక్క అడ్డం వచ్చింది కాబట్టి బండి వంకర్లు తిరిగింది. తొమ్మిదో నంబరు ఆయనకు ప్రాణం. ఊదించే యంత్రం సరిగ్గా పనిచేస్తోందని పోలీసులు ఆరు నెలలకోసారి పరీక్ష చేయించి ఒక కాగితం తెచ్చుకోవాలి. ఆ కాగితం గడువు ఒక్క రోజు దాటినా కేసు ఎగిరిపోతుంది. పదకొండో నంబరు వాడైతే గుద్దే దాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు, గుద్దాక భయమేసి తాగాడు. దీన్ని కూడా ఒక మేజిస్ట్రేటు నమ్మారు. నా చెవులతో విన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఆయనకు ముఖాలు గుర్తుండవు, నంబర్లే గుర్తుంటాయి. బజారులో ఎవరైనా నమస్కారం పెడితే నా వైపు వంగి "ఎవరమ్మా?" అంటారు. "నంబరు మూడు సార్" అంటాను. "ఓహో, తేన్పులా!" అని చెయ్యి పట్టుకుని కుశల ప్రశ్నలు మొదలుపెడతారు. అవతలి మనిషి ఈ పెద్దాయన నన్నెంత గుర్తుపెట్టుకున్నాడో అని పొంగిపోతాడు.

ఇక నంబరు నాలుగు. దగ్గు టానిక్.

కొన్ని దగ్గు టానిక్కుల్లో ఆల్కహాలు కలుస్తుంది. తాగిన వెంటనే ఊదితే, కడుపులో ఏమీ లేకపోయినా నోట్లో మిగిలిన తడికే యంత్రం ఎర్రలైటు వేస్తుంది. పావుగంట ఆగి మళ్ళీ ఊదితే ఏమీ ఉండదు. ఇదీ వాదన. మా లాయరు గారు నాలుగు మందుల షాపులు తిరిగి, భూతద్దం పెట్టి సీసాల మీది అక్షరాలన్నీ చదివి, ఆల్కహాలు అన్నిటికంటే ఎక్కువున్న టానిక్ ఒకటి పట్టారు. గోధుమరంగు సీసా, పచ్చ మూత. అవి డజన్లకొద్దీ తెప్పించి మూడో సొరుగులో పెట్టారు. నాలుగో నంబరు మనిషి వచ్చినప్పుడల్లా ఒక సీసా తీసి, వాడినట్టు కనబడాలి కాబట్టి సగం పారబోసి, సీల్ చింపి, లేబులు కాస్త నలిపి ఇవ్వడం నా డ్యూటీ. మూడు వందల సీసాలు పారబోసి ఉంటాను. పదహారేళ్ళలో మా సింకుకి ఒక్కసారి కూడా దగ్గు రాలేదు.

రెండేళ్ళ క్రితం కొత్త మేజిస్ట్రేటు వచ్చారు. కళ్ళజోడు గొలుసుకు వేలాడదీసుకునే ఆవిడ. మొదటి నెలలోనే నాలుగో నంబర్లు తొమ్మిది విని, పదోదానికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఈ ఊళ్ళో ఇంత దగ్గుందని ఆసుపత్రి వాళ్ళకు తెలుసా లాయరు గారూ?" అన్నారు. కోర్టంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచి కోర్టులో దగ్గు అనే మాట వినిపిస్తే చాలు, బంట్రోతు కూడా నవ్వుతాడు. నాలుగో నంబరు పక్కన పెట్టేశాం. సొరుగులో సీసాలు మాత్రం మిగిలిపోయాయి.

ఇక్కడే నా నెత్తి మీద నేనే రాయి వేసుకున్నాను.

మా ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. నడిపేవాడు. పదకొండేళ్ళు ఒకే స్కూలు, ఒకే పసుపు వ్యాను, ఇరవై ఒక్కమంది పిల్లలు. ఏ పిల్ల ఏ సీటులో కూర్చుంటే వాంతి చేసుకుంటుందో, ఎవడి బూటు లేసు ఎవరు కట్టాలో అన్నీ ఆయనకే తెలుసు. అందరికీ వ్యాన్ మామయ్య. తాగడం సంగతి అంటారా, పెళ్ళైన కొత్తలో ఏదో విందులో ఒక గుక్క తాగి, వాసన పడక అక్కడే కక్కేసి, మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆ విందులో నేనూ ఉన్నాను. ఆ చీర కూడా నాదే.

ఆ వారం ఆయనకు దగ్గు పట్టుకుంది. దగ్గితే పిల్లలు బెదిరిపోతున్నారే అని ఒకటే గోల. మందుల షాపు దాకా వెళ్ళడానికి ఆయనకు బద్ధకం, నాకు తీరిక లేదు. మూడో సొరుగులో దిక్కులేకుండా పడున్న సీసాలు గుర్తొచ్చాయి. తేదీ చూశాను, ఇంకా ఏడాది ఉంది. ఒక సీసా బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చాను. మూడు వందల సీసాలు సింకులో పోసినదాన్ని, ఒక్కదాన్ని మనిషికి పోద్దామనుకున్నాను. నా ఖర్మ కాకపోతే ఏమిటి!

మర్నాడు మధ్యాహ్నం, పిల్లల్ని తెచ్చే వేళకు, నేను ఆఫీసులో ఎవరిదో ఏడో నంబరు టైపు చేస్తున్నాను. ఫోను మోగింది. మా ఆయన.

"ఏమే, నన్ను పట్టుకున్నారే."

"ఎవరు?"

"పోలీసులు. స్కూలు గేటు ముందే ఊదిస్తున్నారు, ఇవాళ అన్ని వ్యాన్లూ చూస్తున్నారట. ఎర్రలైటు వచ్చింది. నేను తాగలేదే! బయల్దేరే ముందు దగ్గు టానిక్ తాగానంతే."

నేను నవ్వాను.

కావాలని కాదు. పదహారేళ్ళ అలవాటు. ఆ మాట చెవిన పడగానే నవ్వు దానంతటదే వచ్చేసింది, పైకి, గట్టిగా. బెంచీ మీదున్న ఏడో నంబరు వాడు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. ఫోనులో ఆయన నెమ్మదిగా, "నువ్వు తెచ్చిన సీసానే కదే" అన్నాడు.

పచ్చ మూత కళ్ళ ముందుకు వచ్చింది.

జరిగిందేమిటంటే, పిల్లల ముందు దగ్గకూడదని ఆయన సీసా ఎత్తి రెండు గుక్కలు పట్టించి వ్యాను ఎక్కాడు. మా వీధి నుంచి స్కూలుకు ఐదు నిమిషాలు. హెడ్డు కానిస్టేబులు గొట్టం పెట్టి ఊదించాడు. టానిక్ అని చెబితే, "ఇదిగోండ్రా, ఇంకో దగ్గు దొరికింది!" అని మిగతావాళ్ళను పిలిచి మరీ నవ్వాడు. పావుగంట ఆగి మళ్ళీ ఊదుతాను సార్ అని ఈయన చేతులు పట్టుకున్నాడు. పావుగంట ఆగమని మీ లాయరే నేర్పాడా అన్నాడట. పిల్లలు గేటు లోపల వరసగా నిలబడి ఇదంతా చూస్తున్నారు. ఒకటో తరగతి పిల్ల ఒకత్తి, "వ్యాన్ మామయ్యా, ఊదావు కదా, బుడగేదీ?" అని అడిగిందట. ఇంటికొచ్చాక మా ఆయన ఈ ఒక్క మాటే మూడుసార్లు చెప్పాడు. మిగతాదంతా నేను అడిగి రాబట్టాను.

స్కూలు మేనేజరు తాళాలు తీసేసుకున్నాడు. అరవలేదు, తిట్టలేదు. "కోర్టు తేల్చనీ. నువ్వు తాగలేదని తేలితే నీ వ్యాను నీదే. లేకపోతే నేనేం చెయ్యలేను, పిల్లలు ఎక్కే బండి" అన్నాడట. న్యాయమైన మాటే. మాకు కావలసిందీ అదే, తాగలేదని తేలడం. ఒక్క ముక్క. అంత చిన్న మాట కోర్టులో ఎవరో ఒకరు అనకపోతారా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాను. పదహారేళ్ళలో బల్లకు అటువైపు కూర్చోవడం నాకు అదే మొదలు.

మా ఆయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "సార్, నేను తాగ..."

లాయరు గారి చెయ్యి లేచింది. "ఆగు! చెప్పకు."

"తాగలేదని చెప్తున్నా సార్!"

"అదీ చెప్పకు."

మా ఆయన నోరెళ్ళబెట్టి నా వైపు చూశాడు. ఈ మనిషి దగ్గరా నువ్వు పదహారేళ్ళుగా పనిచేస్తున్నావు అన్నట్టుంది ఆ చూపు.

లాయరు గారు పోలీసుల కాగితాలు తిరగేశారు. రెండో పేజీ దగ్గర ఆయన ముఖం వెలిగిపోయింది. "అమ్మా, యంత్రం కాగితం గడువు దాటి పదకొండు రోజులైంది! నంబరు తొమ్మిది! పండులాంటి నంబరు తొమ్మిది! వెళ్ళి టైపు చేసెయ్."

"సార్, ఇది నంబరు నాలుగు" అన్నాను.

"అదెప్పుడో పోయింది కదమ్మా."

"అసలైన నంబరు నాలుగు సార్. ఆయన నిజంగా టానిక్ తాగాడు. మన సొరుగులోదే. నేనే తీసుకెళ్ళాను."

లాయరు గారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. మా ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా ఎగాదిగా చూశారు.

"నిజంగానా? టానిక్ తాగితే నిజంగానే గొట్టంలో పడుతుందా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మూడు వందల సార్లు మీరే కదండీ చెప్పారు, నిలబడి, పుస్తకాలు చూపించి!"

"చెప్పాననుకో..." అని ఆయన నసిగారు. "చెప్పడం వేరు కదమ్మా."

ఆ పూట చాలాసేపు పోట్లాడాను. నాలుగో నంబరే వెయ్యండి, జరిగింది అదే, ఆయన తాగలేదని కోర్టు చేత చెప్పించండి అన్నాను. ఆయన బల్ల మీద వేలితో గీతలు గీస్తూ విన్నారు.

"అమ్మా, నీ మీద ఒట్టు, నాకూ అలాగే ఉంది. కానీ ఆవిడ ముందు దగ్గు అన్నానంటే మీ ఆయన లైసెన్సు అక్కడికక్కడే పోతుంది. ఆ జవాబు అరిగిపోయింది. నేనే అరగదీశాను. తొమ్మిది వేస్తే నిమిషంలో బయటపడతాడు. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?"

నేనేం చెప్పను? ఆ జవాబును టైపు చేసి చేసి అరగదీసిన వేళ్ళు నావి. వెళ్ళి నంబరు తొమ్మిది తెరిచి, ఖాళీలో మా ఆయన పేరు కొట్టాను. పేరులో రెండు తప్పులు పడ్డాయి. ఎప్పుడూ పడవు.

కోర్టులో అంతా ఆయన చెప్పినట్టే జరిగింది. లాయరు గారు లేచారు, కాగితం గడువు చూపించారు. హెడ్డు కానిస్టేబులు చెవి గోక్కున్నాడు. మేజిస్ట్రేటు గారు తేదీలు రెండుసార్లు చూసుకుని, యంత్రం సరైనదని రుజువు కాలేదు, కేసు కొట్టేస్తున్నాను అన్నారు. ఊదడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. బెంచీల మీదున్న మా పాత కక్షిదారులు ఇద్దరు బొటనవేళ్ళు చూపించారు.

మా ఆయన బోను దిగలేదు.

"ఇంకేంటి?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"మేడమ్, నేను తాగలేదు."

"మీ కేసు కొట్టేశాను. వెళ్ళొచ్చు."

"అది కాదు మేడమ్. తాగలేదని రాయండి. ఒక్క ముక్క. యంత్రం సంగతి కాదు, నా సంగతి రాయండి."

"మీరు తాగారా లేదా అన్నది ఇక నా ముందు లేదయ్యా. మీరు గెలిచారు. ఇంకేం కావాలి?"

"దగ్గు టానిక్ తాగానండీ, నిజంగా..."

ఇంక చూసుకోండి. ముందు బంట్రోతు నవ్వాడు. తర్వాత బెంచీలు నవ్వాయి. మేజిస్ట్రేటు గారు కూడా తల వంచుకుని పెదవి కొరుక్కున్నారు, పాపం ఆవిడ మాత్రం ఎంతకని ఆపుకుంటారు. అంత నవ్వులోనూ ఆయన చెక్క కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. లాయరు గారు వెళ్ళి భుజం పట్టుకుని దించారు. నాకు ఆ కోర్టును నిలువునా తగలబెట్టాలనిపించింది, అందులో నా కంప్యూటరుతో సహా.

తీర్పు కాగితం తీసుకుని మా ఆయన స్కూలుకు వెళ్ళాడు. గంటలో తిరిగొచ్చాడు. మేనేజరు కాగితమంతా చదివి, "యంత్రం సరిగ్గా లేదని రాశారు. నువ్వు తాగలేదని ఎక్కడుంది?" అన్నాడట. చూపించడానికి ఏముంది గనక?

ఆ మాట విని లాయరు గారు గొడుగు తీశారు. "పదండి, నేను వస్తాను" అన్నారు. పదహారేళ్ళలో కోర్టు బయట ఎవరి కోసమూ ఆయన ఒక్క మాట మాట్లాడింది లేదు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. మూత బిగించి పెట్టుకున్న ఆ సీసాను ఇంటి నుంచి తెచ్చి బ్యాగులో పెట్టుకున్నాను. రెండు గుక్కలే తగ్గి ఉంది.

మేనేజరు గది చిన్నది. గోడకు వ్యాన్ల తాళాలు వరసగా మేకులకు వేలాడుతున్నాయి. మా వ్యాను తాళం నాకు తెలుసు, దానికి ఎవరో పిల్ల కట్టిన ఎర్ర దారం ఉంటుంది. మేనేజరు నలభై దాటిన మనిషి, గడ్డం నీటుగా కత్తిరించుకున్నాడు. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. లాయరు గారిని చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు.

లాయరు గారు అంతా చెప్పారు. దాచకుండా, చక్కగా, నిలబడి చెప్పారు. టానిక్కులో ఆల్కహాలు ఎంత ఉంటుందో, నోట్లో ఎంతసేపు నిలుస్తుందో, పావుగంట ఎందుకు ఆగాలో. ఇతను తాగలేదు, ఇది నా నోటితో నేను చెబుతున్నాను అన్నారు. ఆయన గొంతు వణికింది. నేను బ్యాగులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

మేనేజరు సీసా వంక చూశాడు. చేతిలోకి తీసుకున్నాడు. పచ్చ మూతను బొటనవేలితో నిమిరాడు. తలుపు వేసొచ్చి కూర్చున్నాడు.

"లాయరు గారూ, నన్ను గుర్తుపట్టలేదా?"

లాయరు గారు అలవాటు చొప్పున నా వైపు వంగారు. నాకప్పటికే గుర్తొచ్చేసింది. అప్పుడు గడ్డం లేదు, పలచటి మనిషి, బెంచీ చివర కూర్చుని మోకాళ్ళు ఊపేవాడు.

"ఆరేళ్ళ కిందట" అన్నాడు ఆయన. "అప్పుడు వేరే చోట పనిచేసేవాణ్ణి. బ్రాందీ సీసా ఖాళీ చేసి కారు తీశాను, తూలుతూ. మీ దగ్గరికొచ్చి చెప్పబోతే చెయ్యెత్తి ఆపేశారు. ఈ అమ్మ లోపల్నుంచి సగం ఖాళీ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇదే సీసా. ఇదే మూత. నేను జన్మలో ఆ టానిక్ రుచి చూళ్ళేదు సార్."

"అప్పుడు... అప్పుడు చెప్పింది వేరు" అన్నారు లాయరు గారు. "ఇప్పుడు నేను నిజం చెప్తున్నాను."

"అప్పుడూ ఇలాగే చెప్పారు సార్. ఇవే మాటలు. పావుగంట సంగతి కూడా. ఎంత బాగా చెప్పారంటే, బోనులో నిల్చుని నేనే నమ్మేశాను. అందుకే ఇవాళ ఈ కుర్చీలో ఉన్నాను, మీ పుణ్యమా అని." ఆయన గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, తిట్టుకుని బయటికి వచ్చేదాన్ని. "ఆ రోజు తర్వాత నేను మళ్ళీ ముట్టలేదు. కానీ దగ్గు టానిక్ అన్నవాడి చేతికి ఇరవై ఒక్కమంది పిల్లల్ని ఎలా ఇవ్వను? దగ్గు టానిక్ అంటే ఏంటో నాకు తెలుసు కదా!"

మా ఆయన అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. జేబులోంచి ఒక బుల్లి నీలం బూటు తీసి బల్ల మీద, సీసా పక్కన పెట్టాడు. "వెనక సీటు కింద పడిపోయింది సార్ మొన్న. యూకేజీ బాబుది. వాడికి ఇచ్చెయ్యండి" అని బయటికి నడిచాడు. ఎర్ర దారం తాళం మేకుకే ఉంది.

లాయరు గారు మెట్ల మీద గొడుగు తెరిచారు, ఎండ లేదు, వాన లేదు. మర్నాడు ఆయన మూడో సొరుగు ఖాళీ చేయించారు. సీసాలన్నీ మా సింకులోనే పోశాను. నాలుగో నంబరు కంప్యూటర్లోంచి తీసెయ్యమన్నారు, తీసేశాను. మధ్యాహ్నానికల్లా ఐదో నంబరు వాడొకడు వచ్చాడు. మళ్ళీ మామూలే. మనిషి మారిపోయాడని చెప్పను. చెయ్యెత్తి ఆపేటప్పుడు ఇప్పుడు ఒక క్షణం ఆలస్యం అవుతోంది, అంతే తేడా.

మా ఆయన ఇప్పుడు ఒక ఫర్నిచరు గోడౌనులో సామాను బండి నడుపుతున్నాడు. బీరువాలు, మంచాలు. వాంతులు చేసుకోవు, బూటు లేసులు అక్కర్లేదు. దగ్గు తగ్గలేదు. వస్తే వేణ్ణీళ్ళు తాగుతాడు. నేను ఏ సీసా ఇచ్చినా మూత తీసి, లేబులు చదివి, పక్కన పెట్టేస్తాడు.

మొన్న ఆదివారం వంటింట్లో నేను గిన్నెలు తోముతుంటే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమే, నువ్వైనా నమ్ముతావా, నేను తాగలేదని?"

"అదేం ప్రశ్న? సీసా ఇచ్చిందాన్ని నేను. నేను నమ్మకపోవడమేంటి?"

"మరి ఫోన్లో నవ్వావెందుకే?"

కుళాయి తిప్పి పెట్టి ఉంది. నీళ్ళు పోతున్నాయి. మూడు వందల మంది తరఫున చకచకా జవాబులు కొట్టినదాన్ని, చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన కాసేపు చూసి, కుళాయి కట్టేసి, దగ్గుకుంటూ ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.